తడి గచ్చు మీద దొర బొమ్మ

నా చిన్నప్పుడే ఆ రకం బొమ్మల మీద నాకు ఏవగింపు పుట్టింది. మొన్న మా మనవరాలు హైటెక్ సిటీలో తన ఆఫీసు చూపిస్తానని తీసుకెళ్తే, గోడ నిండా అవే. వెనకటి తెల్లదొరలు తూర్పు దేశాలు తిరిగి గీసినవి. కూలిన గుమ్మటం, దాని మీద మొలిచిన చెట్టు, నీడలో కునికే మనుషులు. "ఎంత బాగున్నాయో కదా నానమ్మా" అంది. బాగున్నాయి, నా మొహం. ఇన్ని దేశాల్లో పని చేసే మనిషి ఒక్కడూ వాళ్ల కంట పడలేదు కాబోలు.

మాది శేరిలింగంపల్లి వైపు పల్లె. మా తాత సున్నం పని మేస్త్రీ. ఊరి ముందున్న పాత రాతి దర్వాజా పగుళ్లు పూడ్చి గచ్చు చేస్తున్నాడు. అది కుదిరితే ఊరి బావి పని కూడా ఆయనకే ఇస్తానని పటేల్ మాటిచ్చాడు. గచ్చు పూశాక అది తడి పీల్చుకునేదాకా ఆగి, అప్పుడు తాపీతో నునుపు చేయాలి. తొందరపడితే పెచ్చులూడిపోతుంది. అందుకే తాత గోడ పక్కనే కూర్చుని, మధ్యమధ్య వేలితో తాకి చూసుకునేవాడు.

ఒకరోజు ఓ తెల్లదొర జీపులో వచ్చి బొమ్మ గీయడానికి దిగాడు. ఆయనకో కుర్చీ, గొడుగు పట్టడానికో మనిషి. పొద్దంతా గీశాడు. సాయంత్రం ఊరంతా మూగి చూస్తే ఏముంది, తాత పూడ్చిన పగుళ్లన్నీ అందులో అలాగే ఉన్నాయి. పొద్దున తాత పీకి పారేసిన రావి మొక్క ఏకంగా చెట్టయి కూర్చుంది. దాని కింద మా తాత, నోరు తెరుచుకుని నిద్ర.

అప్పుడే పట్నం నుంచి వచ్చిన పటేల్ ఆ బొమ్మ చూశాడు. "ఏందయ్యా, పొద్దంత పండుకుంటివా? బావి పని ఇంకోనికి చెప్పాల్నా?" అన్నాడు. జనం నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

తాత మేకు తీసుకుని తడి గచ్చు మీద గీశాడు. కాళ్లు బారజాపి కుర్చీలో దొర, నెత్తిన గొడుగు, కళ్లు గట్టిగా మూసుకుని నిద్ర. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. దొర మొహం కందిపోయింది.

"గాయన గూడ పొద్దంత కూసునే ఉన్నడు పటేలా. గాయనది పనైతే నాది గూడ పనే" అన్నాడు తాత.

పటేల్ గోడంతా తడిమి చూశాడు. రేపు బావికాడికి రమ్మన్నాడు.

అందరూ వెళ్లాక తాత ఆ బొమ్మను తాపీతో చెరిపేశాడు. ఎందుకని నేను గోల చేశాను.

"అది అబద్ధం బిడ్డా. గాయన పండుకోలే కదా."

దొర మాత్రం అప్పటికే తన అబద్ధాన్ని చుట్ట చుట్టుకుని జీపెక్కాడు. అందులో మా తాత ఏ దేశపు గోడ మీద ఇంకా నిద్రపోతున్నాడో. తాతకున్న మంచితనం నాకు రాలేదు, ఆ దొరను నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఎవరైనా ఊరికే కూర్చుని కనిపిస్తే, నోరు పారేసుకునే ముందు, ఆ మనిషి దేనికోసం ఆగాడో చూస్తాను.