కంప్యూటర్‌కు కప్పిన పట్టుగుడ్డ

మగ్గం మీద చెడిపోయిన పట్టుచీర ముక్కను కంప్యూటర్‌కు కప్పిన ధర్మవరం పిల్లలు ఈ గ్రూపులో ఎంతమంది ఉన్నారు? మా నాయన కప్పింది వంకాయరంగు గుడ్డ. ఆయుధపూజకు మగ్గంతో పాటు దానికీ కుంకుమబొట్టు పెట్టేవాడు. గుడ్డ తీయగానే పట్టు వాసన, వేడెక్కిన దుమ్ము వాసన కలిసి వచ్చేవి, గుర్తుందా?

కరెంటు పొదుపని నాయన రోజూ మెయిన్ ఆపేసేవాడు. దాంతో లోపలి బిళ్ళ బ్యాటరీ త్వరగా అయిపోయి, సెట్టింగులు పోయి, ప్రాసెసర్ స్పీడు తక్కువ చూపించింది. బ్యాటరీ మారిస్తే సరిపోయేది.

కంప్యూటర్లు తెలుసని పేరున్న మా మేనమామ వచ్చి చూశాడు.

"ఆడపిల్లను తాకనిస్తే ఇట్లే అయితాది బావా. మా ఇంట్లో బాగు చేస్తా. బాగైనాక నేనే తెస్తా, నువ్వు రావాకు."

తేలేదు. వాళ్ళబ్బాయి దాని మీదే నేర్చుకున్నాడు. మా ఇంట్లో గుడ్డ మిగిలింది.

ఈ రోజు పొద్దున మామ నా రిపేరు షాపుకు లాప్‌టాప్ తెచ్చాడు.

"స్పీడు సగమే చూపిస్తాండాది పాపా, ఏమైనాదో చూడు."

దానికి చాలని తక్కువ వాట్ల ఛార్జర్ వాడుతున్నాడు, అందుకే స్పీడు తగ్గింది, అంతే. నేను చెప్పలేదు.

"ఈడే ఉండనీ మామా. బాగైనాక నేనే తెస్తా, నువ్వు రావాకు."

మామ నా ముఖం వైపు చూశాడు. వెనక అరలో మడత పెట్టి ఉన్న వంకాయరంగు గుడ్డను చూశాడు. లాప్‌టాప్ వదిలి షాపు మెట్లు దిగాడు.

సరైన ఛార్జర్ పెట్టాను. స్పీడు పూర్తిగా చూపించింది. ఆపేసి, గుడ్డ కప్పాను.

ఆయుధపూజకు బొట్టు కూడా పెడతాను.