ఇరవై మూడు అని రాసిన రాకెట్

నిన్న సాయంత్రం బహ్రెయిన్‌లోని హూరాలో నేను పనిచేసే ఆటసామాన్ల దుకాణంలో ఎవరో టెన్నిస్ రాకెట్ పట్టుకుని చూస్తుండగా స్ట్రింగు ఫట్‌మని తెగింది. ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడి నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు వింటే ముందు రొడికా మేడం ముఖం కళ్ళ ముందుకొస్తుంది. మీరెవరూ ఆమె పేరు విని ఉండరు. రుమేనియా మనిషి. పందొమ్మిదేళ్ళప్పుడు ఒక పెద్ద టోర్నమెంటులో మూడో రౌండు దాకా వెళ్ళి ఒక్కరోజు టీవీలో కనిపించింది. ఆ తర్వాత మోకాలు ఆపరేషన్. ఇక పదిహేనేళ్ళూ ఎవరూ చూడని టోర్నమెంట్లలోనే ఆడింది. నేనివాళ స్ట్రింగులు కట్టి బతుకుతున్నానంటే ఆ విద్య నేర్పింది ఆవిడే. ఆవిడ ఆటను దాదాపు ముగించేసింది నేనే.

అప్పట్లో నేను మహూజ్‌లోని ఒక టెన్నిస్ క్లబ్బులో కోర్టులు ఊడ్చేవాణ్ణి. అంతకుముందు నాలుగేళ్ళు కన్‌స్ట్రక్షన్‌లో రాడ్లు కట్టే పని. రొడికా మేడం అక్కడే పొద్దున పిల్లలకు ఆట నేర్పుతూ, నెలకోసారి ఏదో ఒక దేశం వెళ్ళి టోర్నమెంటు ఆడి వచ్చేది. పేరుకు ప్రొఫెషనల్ ప్లేయరు. వెనకాల పదిమంది ఉంటారనుకున్నాను నేను. బ్యాగులు తనే మోసుకుంటూ, బట్టలు తనే ఉతికి క్లబ్బు కంచె మీద ఆరేసుకుంటుంటే నోరు తెరుచుకుని చూశాను. స్ట్రింగులు కట్టే ఫిలిప్పీన్స్ అతను పని మానేసిన వారం, ఆమె నన్ను పిలిచి మెషీన్ ముందు నిలబెట్టింది. మా ఇద్దరిదీ ముక్కలు ముక్కల ఇంగ్లీషు. నేనిక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"రాడ్లు కట్టిన చేతులు కదా, ఇది నీకెంత! యల్లా, మొదలెట్టు," అంది. గంగాధర్ అనే నా పేరును గంగా అని కుదించేసింది. నెలరోజుల్లో పని పట్టుబడింది. ఒక్క విషయంలో మాత్రం ఆమె చాలా గట్టి. ఎన్ని కిలోల బిగింపుతో కట్టామో ఒక చీటీ మీద రాసి రాకెట్ మెడకు అంటించాలి. "నాకు ఇరవై మూడు. కోర్టులోకి వెళ్ళాక నాకు కోచ్ లేడు, తోడు లేదు. నా చెయ్యి ఒకటి, నీ చీటీ ఒకటి. ఉన్నదే రాయి, గంగా," అంది. ఉన్నదే రాశాను, ఎండాకాలం వచ్చేదాకా.

బహ్రెయిన్ ఎండ సంగతి ఇక్కడ బతికినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఉక్కకు స్ట్రింగులు వదులైపోతాయని నాకు నేనే అనుకున్నాను. రాడ్లు కట్టేటప్పుడు వైరుకు ఒక మెలిక ఎక్కువ వేస్తే మేస్త్రీ భుజం తట్టేవాడు. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆమెకు మేలు చేస్తున్నాననుకుని మొదట అరకిలో ఎక్కువ లాగాను. తర్వాత కిలో. ఆ తర్వాత రెండు. చీటీ మీద మాత్రం ఎప్పటిలాగే ఇరవై మూడు. బిగింపు పెరిగితే బంతి ముందే పడిపోతుందని, దెబ్బంతా భుజానికి తగులుతుందని అప్పటికి నాకు తెలియదు. ఒకరోజు ఆమె భుజం రుద్దుకుంటూ వచ్చి, "గంగా, ఇది ఇరవై మూడేనా?" అని అడిగింది. అప్పుడైనా చెప్పాల్సింది. రాసింది తప్పని చెప్పడానికి సిగ్గేసింది. "అవును మేడం, ఇరవై మూడే," అన్నాను.

వరసగా అయిదు టోర్నమెంట్లు మొదటి రౌండులోనే ఓడిపోయింది. ఆరో టోర్నమెంటుకు పేరు ఇవ్వలేదు. ఒక పొద్దున నాలుగు రాకెట్లూ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇవి పిల్లలకు ఇచ్చెయ్. నేనిక ఆడను," అంది. ఎందుకు మేడం అని అడిగాను. "బంతి ఎక్కడ పడాలనుకుంటానో అక్కడ పడటం లేదు. చీటీ చూస్తే సరిగ్గానే ఉంది. అంటే నా చెయ్యి చచ్చిపోయింది. సాయంత్రం ఆట మానేస్తున్నానన్న కాగితం మీద సంతకం పెట్టి పంపేస్తాను. ఖలాస్," అంది.  ఆమె చెయ్యి చావలేదు. అబద్ధం చెప్పింది నా చీటీ.

మధ్యాహ్నం గుదైబియాలోని మా రూముకు పోయి, నాతో ఉండే రాజన్నకు చెప్పాను. మాది ఒకే మండలం, నాకంటే పదేళ్ళు పెద్ద. తింటున్న అన్నం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "నీకేమన్న పిచ్చి లేసిందార? వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలిస్తే నిన్ను ఇంటికి తోలుతడు. ఆమె ఎట్లనన్న ఆట బంద్ పెడుతున్నది గద, గమ్మున ఉండు," అన్నాడు. "అన్నా, ఆమె చెయ్యి మంచిగనే ఉన్నదే. ఆమెకు తెల్వద్దా?" అన్నాను. అతను కంచం పక్కకు జరిపాడు. "మరి నన్నెందుకు అడుగుతున్నవ్‌ర? పో," అన్నాడు చివరికి.

నాలుగు గంటలకు కోర్టు పక్కన బెంచీ మీద ఆమె కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిలబడే మొత్తం చెప్పేశాను.  తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె లేచి, నా బల్ల దగ్గరకు నడిచి, ఒక రాకెట్ తీసి దాని స్ట్రింగులన్నీ కత్తెరతో టపటపా కోసేసింది. "కట్టు. ఇరవై మూడు. నా కళ్ళ ముందు," అంది. కట్టి ఇచ్చాను. ఆమె ఒక్కతే వెళ్ళి సర్వీసులు కొట్టింది. ఒకటి, రెండు, పది. అన్నీ మూలల్లో గీత మీదే పడుతున్నాయి. పదకొండోది కొట్టలేదు. కోర్టు మధ్యలో చతికిలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దగ్గరకు పోతే తల ఎత్తకుండానే అంది: "నువ్వు రాసింది నమ్మాను, గంగా. నా చేతిని నమ్మలేదు."

క్లబ్బు మేనేజరుకు ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. నాతో కూడా మూడు వారాలు మాట్లాడలేదు. అయినా రోజూ రాకెట్ తెచ్చి నా బల్ల మీదే పెట్టి వెళ్ళేది. వేరేవాళ్ళతో కట్టించుకోవచ్చు కదా, నా దగ్గరికే ఎందుకని ఎన్నోసార్లు అడగబోయి మానుకున్నాను. అప్పటినుంచి ఒక్క పావుకిలో తేడా వచ్చినా ఎవరూ అడగకముందే చెప్పేస్తున్నాను. ఇప్పుడీ దుకాణం వాళ్ళకు చాదస్తంలా కనిపిస్తుంది. ఉండనీ.

ఆ తర్వాతి నెల ఆమె టర్కీలో టోర్నమెంటుకు వెళ్ళింది. మొదటి రౌండు గెలిచిందని ఫోన్‌లో చూసి ఎగిరి గంతేశాను. మర్నాడు ఆమే ఫోన్ చేసింది. "ఓడిపోయాను, గంగా," అంది.  "మేడం, బిగింపు..." అన్నాను. "బిగింపు బాగుంది. భుజం బాగుంది. మూడు గంటలు ఆడాను. అవతలి పిల్ల నాకంటే బాగా ఆడింది, అంతే." పకపకా నవ్వింది. "ఈసారి నేనే ఓడిపోయాను!" ఓడిన మనిషి గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.  తనదని చెప్పుకోగల ఆ ఓటమి కూడా ఆమెకు దక్కకుండా చేయబోయాను కదా అన్నది ఇవాళ్టికీ ప్రతి చీటీ రాసేటప్పుడూ గుర్తొస్తుంది.