వడ్రంగి ఎత్తుకున్న పాట

మూతపడబోయిన ఆ ఊరి చిన్న చర్చి గుడిని నిలబెట్టింది వడ్రంగే. దివ్యబలిపూజకు ఫాదరు నెలకొకసారే వచ్చేవాడు. మిగతా ఆదివారాలు తలుపుకు తాళం వేలాడడం చూడలేక ఆ బాధ్యత తన నెత్తినేసుకున్నాడు. విరిగిన బెంచీలు బాగుచేశాడు. ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పోగేశాడు. వాక్యం తనే చదివేవాడు, పాట తనే ఎత్తుకునేవాడు. గుడి నిండితే అతనికి కడుపు నిండినట్టుండేది.

చిక్కల్లా అతని చెవితోనే. చెక్కను చిత్రిక పట్టినట్టు మనుషుల గొంతుల్నీ పట్టబోయాడు. పాలు పోసి బతికే అతని ఒదిన గొంతెత్తిందంటే వీధి చివరికి వినబడేది, శ్రుతి మాత్రం ఎటో పోయేది. ఒక ఆదివారం అందరి ముందూ అనేశాడు.

"ఒదినా, నువ్వు మనసులో పాడుకో. దేవుడికి అదీ వినబడుతుంది."

"సరేలే మరిదీ. నీకు వినబడకపోతే చాలుగా."

అందరూ నవ్వారు, ఆమె కూడా. మళ్లీ పాడలేదు. ఆమె వెనకే ఒక్కొక్కరూ తగ్గారు. ఏళ్లు గడిచేసరికి గుడిలో ఒక్క గొంతే మిగిలింది. అదే బాగుందనుకున్నాడు.

అతని గొంతుకు ఆపరేషనయ్యాక అదీ పోయింది. గుసగుస తప్ప మాట రాదు. జనం వచ్చి, కాసేపు ఒకరి మొహాలొకరు చూసుకుని వెళ్లిపోయేవారు. కొందరు రావడమే మానేశారు. ఫాదరు ఉన్నమాట చెప్పేశాడు.

"మీ అంతట మీరు ప్రార్థన నడుపుకోలేకపోతే దీన్ని మూసి పక్క ఊరి గుడిలో కలిపేస్తారు. వచ్చే నెల వచ్చి చూస్తాను."

వడ్రంగి ఒదిన ఇంటికెళ్లాడు. ఆమె పాలక్యాన్లు కడుగుతోంది.

"నువ్వెత్తుకుంటే అందరూ అందుకుంటారు ఒదినా."

"మొదటి చరణం దాటితే ఒక్క ముక్క గుర్తులేదయ్యా."

"నా మీద కోపమా?"

"కోపముంటే పంతానికైనా ఇంట్లో పాడుకునేదాన్ని. మర్చేపోయాను." క్యాను బోర్లించింది. "నీకు గొంతు లేదు, నాకు జ్ఞాపకం లేదు. మంచి జోడీ దొరికింది దేవుడికి. సరే, వస్తాలే."

కోపమైతే కాళ్లు పట్టుకుందామనుకుని వచ్చాడు. మరుపు కాళ్లు ఎక్కడుంటాయో అతనికి తెలియలేదు.

ఫాదరు వచ్చిన ఆదివారం ఆమె లేచి నిలబడింది. మొదటి చరణం పాడింది, అలాగే ఆగిపోయింది. ఎవరూ అందుకోలేదు. అందరూ, అలవాటు కొద్దీ, వడ్రంగి వైపు చూశారు.

"ఎలా వస్తే అలా పాడండి," అన్నాడతను. ఆ గుసగుస రెండో వరస దాకా కూడా వెళ్లలేదు.