చప్పట్లకు చోటు

మా వీధి చివర పందిట్లో మైకు పెట్టి పాత పద్యనాటకాల రికార్డులు వేస్తున్నారు. రాగం పైకి వెళ్ళి వెళ్ళి ఆగగానే, రికార్డులోని జనం "వన్స్ మోర్" అని అరిచారు. నా చేతిలో గ్లాసు ఒరిగి కాఫీ చీర మీద ఒలికింది. కోడలు పరుగెత్తుకొచ్చి, "ఏమైందత్తయ్యా, కాలిందా?" అంది. లేదన్నాను. ఎప్పటిదో గుడివాడ సభ గుర్తొచ్చిందని ఆ పిల్లకెలా చెప్పను?

అరవైల మొదట్లో బందరు కాలేజీలో పురుషోత్తం మాస్టారు మాకు తెలుగు చెప్పేవారు. వయసులో ఉండగా నాటకాలు వేసిన మనిషి. ఆయన పద్యం ఎత్తుకుంటే పక్క గదిలో లెక్కల మాస్టారు సుద్దముక్క కింద పెట్టి వినేవారు. ఆదివారాలు ఈడేపల్లిలో ఆయన ఇంటి వరండాలో కొద్దిమందిమి చేరి, పుస్తకాలు చదివి మంచీ చెడ్డా మాట్లాడుకునేవాళ్ళం. ఒక వారం ఆయన ఇంగ్లీషు పుస్తకమొకటి తెచ్చారు. యూరప్‌లో ఒక జాతినంతటినీ ఏరి ఏరి చంపిన రోజుల గురించి, బతికి బయటపడ్డ ఒకావిడ రాసుకున్నది. తెలుగులో చెబుతూ పోయారు. చంపడానికి నిలబెట్టిన వరసలో ఒక తల్లి కూతురి కోటుకి బొత్తాం పెడుతుంది. "చలిగా ఉంది, జలుబు చేస్తుంది" అంటుంది. వాళ్ళిద్దరి గురించి ఆ పుస్తకంలో ఇంకో మాట లేదు.

"వీళ్ళు ఎవరి మీద యుద్ధానికెళ్ళారండీ?" అనడిగాను.

"ఎవరి మీదా లేదమ్మా. ఫలానా వాళ్ళింట్లో పుట్టారు. అంతే."

యుద్ధమంటే రెండు వైపులా ఆయుధాలుంటాయనే చదువుకున్నదాన్ని. ఆ పూట అన్నం సహించలేదు. ఎవరి కళ్ళు పడ్డాయోనని అమ్మ దిష్టి తీసింది.

ఈ సంగతి పదిమందికీ తెలియాలని మాస్టారు పట్టు పట్టారు. ఆ ఘట్టాన్ని పద్యాలుగా కట్టారు. ఆవిడ వచనంలోనే రాసింది కదా, పద్యాలెందుకని అడిగితే నవ్వారు. "వచనంలో చెబితే పేపర్లో వార్తనుకుంటారమ్మా. మనవాళ్ళకి పద్యమైతేనే గుండెకెక్కుతుంది." నిజమేననుకున్నాం.

గుడివాడలో సాహిత్య సభ. అక్కడివాళ్ళు పద్యమంటే చెవి కోసుకుంటారు. మేమంతా బస్సులో వెళ్ళాం. మాస్టారు ముందు ఆ చరిత్రంతా చెప్పారు, జనం చెవులప్పగించి విన్నారు. తర్వాత పద్యం అందుకున్నారు. తల్లి మాట దగ్గర గొంతు సన్నగా తీసి, పైకి తీసుకెళ్ళి, అక్కడ ఆపారు. నా పక్కనున్న పెద్దావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. అప్పుడు వెనక నుంచి వినబడింది, "వన్స్ మోర్!" అని. హాలంతా అందుకుంది. ఈలలు, చప్పట్లు. ముందు వరసలో ఒకాయన చేతులు జోడించి లేచాడు. "మాస్టారూ, ఆ ఆఖరి పాదం ఇంకొక్కసారండీ!"

మాస్టారు అలవాటు కొద్దీ ఊపిరి పీల్చారు, పాడడానికే. సగంలో ఆగిపోయారు. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

"ఇంకొకసారా?" అన్నారు. "ఆ పిల్లని ఇంకొకసారి చంపమంటారా?"

ఆ మాటకీ చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఏం డైలాగండీ!" అన్నారెవరో. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నిజంగానే ఏడ్చారు. ఏడుస్తూనే మళ్ళీ కావాలన్నారు. నా జీవితంలో అంత దిగ్భ్రమ మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

తిరుగు బస్సు గుడ్లవల్లేరు దాటింది. మావాడొకడు ఆ జనాన్ని తిట్టబోతే మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"వాళ్ళనేం అనకురా. రాగం తీసి ఆగాను చూడు, స్టేజీ మీద చప్పట్ల కోసం అలాగే ఆగుతాం. చోటు నేనే ఇచ్చాను. ఆ తల్లి ఆగలేదురా. బొత్తాం పెట్టింది, అంతే."

ఆ పద్యాలు ఆయన మళ్ళీ పాడలేదు. ఏ సభవాళ్ళు బతిమాలినా కుదరదనేవారు. వరండాలో మాత్రం పుస్తకం రాసినావిడ వచనాన్నే తెలుగు చేసి మా చేత చదివించేవారు. నా గొంతు కాస్త వణికితే చాలు, "దించమ్మా, ఆవిడ కంటే నువ్వెక్కువ ఏడవకు" అనేవారు. ఊచకోతల మీద కథ వచ్చినా కవిత వచ్చినా ఆయన అడిగేది ఒకటే: "రాసినవాడు చప్పట్లకు చోటెక్కడ వదిలాడు?" అలా చూస్తే మేము నెత్తిన పెట్టుకున్న రచనలు చాలావరకు తేలిపోయేవి. తర్వాత దివిసీమలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ నేనూ పిల్లల్ని అదే అడిగాను. విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు.

పోయినేడు అవనిగడ్డలో ఒక కాలేజీ సభకి పిలిస్తే ఆ వచనం చదివాను. బొత్తాం, చలి, జలుబు. గొంతు పెంచలేదు, ఎక్కడా ఆగలేదు. చదవడం అయిపోయింది. చప్పట్లే లేవు. పిల్లలు కదలకుండా కూర్చున్నారు. పిలిచిన కుర్రాడు కంగారుగా నా దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు: "ఏమీ అనుకోకండి మేడమ్. మావాళ్ళకి సాహిత్యం పెద్దగా తెలీదండీ, చప్పట్లు కూడా కొట్టలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆ మాట వినడానికి మాస్టారు లేరే అని.