లాక్ పట్టే బోర్డు

మా ఆయన అమీర్‌పేటలో పెళ్లిపత్రికలు టైపు చేసేవాడు. ఆయన పోయాక ఆ పాత కంప్యూటర్‌మీద మా కూతురు పని చేస్తోంది. అందులో తెలుగు రావాలంటే డబ్బా వెనక, ప్రింటరు వైరు పెట్టే పొడుగు రంధ్రంలో, ఆ తెలుగు సాఫ్ట్‌వేరుతోపాటు ఇచ్చిన ఒక లాక్ గుచ్చి ఉండాలి. అగ్గిపెట్టెంత ఉంటుంది. అది పని చేయకపోతే ఆయన చేసిన పత్రిక ఒక్కటీ తెరుచుకోదు. పెద్దోడి పెళ్లికి చేయించుకున్నవాళ్లు చిన్నోడి పెళ్లికీ అదే నమూనా అడుగుతారు. మా బతుకంతా ఆ నమూనాలే.

ఈమధ్య డబ్బా మాటిమాటికీ ఆగిపోతోంది. శ్రావణం ముహూర్తాలు నెత్తిమీద ఉన్నాయి. కూతురు పత్రికలు ఇవ్వడానికి వెళ్తే, నేను డబ్బాను ఆటోలో వేసుకుని పంజాగుట్టలో రిపేరు షాపుకు పోయాను. నాకు సంతకం తప్ప చదువు రాదు.

షాపతను మూత తీసి నవ్వాడు.

"గిది మ్యూజియంల పెట్టాలె అమ్మా. లోపలి బోర్డు తీసి కొత్తది ఏద్దాం, మస్తు ఉరుకుతది."

"నా లాక్ పడ్తదా గా బోర్డుకు?"

"పడ్తది. ఫికర్ చెయ్యకు."

నోటిమాట మీద నేనేదీ కొనను. జాకెట్టు గుడ్డ కావాలన్నా చీర చేతపట్టుకునే మ్యాచింగ్ సెంటరుకు పోతాను. చిలకపచ్చ అని చెబితే ఇంకేదో పచ్చ చింపి ఇస్తారు. అందుకే లాక్ పీకి, అతని కొత్త బోర్డుకు ఉన్న ఒక్కో రంధ్రానికీ పెట్టి చూశాను. ఎక్కడా పట్టలేదు.

"ఏంది అమ్మా, దొంగ లెక్క అన్ని బొక్కలు తడుముతున్నవ్?"

"పడ్తదన్నది నువ్వే గదా తమ్మీ. ఏడ పడ్తదో సూపెట్టు."

అతను ఒక వైరు తెచ్చాడు. దాని ఒక కొసన నా లాక్ చక్కగా కూర్చుంది. ఇంకో కొస కొత్త బోర్డులోకి దూరింది. సంతోషమేసి, సరే వేసెయ్ అనబోయాను. కానీ ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవదు. అలా ఎన్ని గుడ్డలు పాడుచేసుకోలేదు!

"జర ఆగు. ముందుగాల గీ కొత్త దాంట్ల మా పత్రిక ఒకటి తెరువు. అప్పటిదాంక మా బోర్డు ముట్టకు."

"మస్తు పనుంది అమ్మా."

"చేస్కో. నేను ఈడ్నే కూసుంట."

స్టూలు లాక్కుని కౌంటరుకు అడ్డంగా కూర్చున్నాను. చివరికి అతనే విసుగొచ్చి కొత్త బోర్డును బల్లమీదే నడిపి, మా తెలుగూ పత్రికలూ అన్నీ దాంట్లోకి ఎక్కించాడు. పత్రిక రాలేదు. తెరమీద చిన్న పెట్టె వచ్చింది.

"ఏమంటుంది?"

"లాక్ లేదంటుంది."

"కండ్ల ముంగటనే ఉన్నది గదా!"

అతను తల గోక్కున్నాడు. "గీ వైరు నుంచి అడిగితే లాక్ పలుకుతలేదు. నాకు సుత ఎరుక లేకుండె."

"అయితే బోర్డు అట్లనే ఉండనీ. దానికి ఏం కలుస్తదో గదే మార్చు."

"ఆగుడు గీ మెమరీ వల్లనే కావచ్చు" అంటూ అతను మా డబ్బాలోంచి మెమరీ పట్టీ ఊడదీసి నా చేతికిచ్చాడు. డ్రాయరులోని పాత పట్టీలన్నీ నా ముందు కుమ్మరించాడు. అడుగున ఉన్న గాటు రెంటికీ ఒక్కచోటే రావాలన్నాడు. నేను పక్కన పెట్టి కొలుస్తూ, గాటు కలవనివి తోసేశాను. కలిసినవాటి మీది రాత అతను చదివి చూశాడు. రెండు మిగిలాయి.

అవి వేసి, లాక్ దాని చోట గుచ్చి, స్విచ్ వేశాడు. పసుపు అంచు పత్రిక టక్కున తెరుచుకుంది.

"అయిపాయె. ఇగ తీస్కపో."

"మూసి మల్ల తెరువు."

మూడుసార్లు తెరిపించాను.

"ఇంక జర సేపుంటే పెండ్లి సుత ఈడ్నే జేస్తవ్ నువ్వు!" అన్నాడు.

"గా పక్క పత్రిక సుత తెరువు" అన్నాను.