వడకట్టని నీళ్లు

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. కాదనను. పరాయి ఊళ్లో నీళ్లు తాగాలంటే చెంబులోకి మూడుసార్లు తొంగిచూసేదాన్ని. "నీళ్లల్లో నీ మొగమే కనపడతాది గానీ ఇంగేముంటాదే" అని మా ఆయన నవ్వేవాడు.

యాభైల నాటి మాట. మాకు మగ్గం ఒక్కటే ఆధారం. ఆయన గుంటలో కూచోని కాళ్లతో మగ్గం తొక్కితేనే మా నోట్లోకి కూడు. నేసిన చీరలు మూటగట్టుకోని ఎర్రమల కొండల్లో పడి బేతంచెర్ల సంతకు నడిచిపోయేవాళ్లం. ఆయన నెత్తిన మూట, నా చంకన కడవ. దోవలో నీళ్ల సంగతి నాది. వంకలో తడి ఇసక కనపడితే చేత్తో చెలమ తోడేదాన్ని. మొదట ఊరిన బురద పారబోసి, రెండోసారి ఊరినవి ముంచుకునేదాన్ని. అప్పటికీ మట్టిరంగు పోకుంటే కడవ లోపల చిల్లగింజ అరగదీసేదాన్ని. కాసేపటికి మట్టి అడుక్కు దిగేది. నీళ్లు తేటబడితే చాలు, ఇంక భయం లేదని నా నమ్మకం.

ఆ ఎండాకాలం చెలమలు కూడా ఎండిపోయినాయి. మోచేతిలోతు తోడినా పొడి ఇసకే. మిట్టమధ్యాన్నం నాలుకలు పిడచగట్టుకోని ఒక దిగుడుబాయి కాడికి చేరినాం. మెట్లకు పైన, రేగిచెట్టు నీడలో ఒక గొర్లకాపరి కూచోనుండాడు. వాని కాలికి పాతగుడ్డ చుట్టుండాది. ఆ గుడ్డలో చిన్న పుల్ల ఒకటి కట్టుండాది. చూస్తానే రెండడుగులు వెనక్కేసినా. చేతబడో, అంటురోగమో, ఏమి పాడో!

"అమ్మా, ఒక ముంత నీళ్లు ముంచియ్యి తల్లీ. నేను దిగగూడదు" అన్నాడు.

ఎందుకు దిగగూడదు? గొర్లెంట కొండలెక్కేవాడు నాలుగు మెట్లు దిగలేడా? నేను దిగినాక మూట కాడ ఏం చేస్తాడో అనుకున్నా. మా ఆయన్ను మూట మీదనే కూచోబెట్టి దిగినా. అడుగున రాళ్లు కనపడేంత తేటగా ఉండాయి నీళ్లు. చిల్లగింజ పనే లేదు. కడవ నింపుకోని పైకొచ్చినా.

"అట్లనే తాగొద్దమ్మా, గుడ్డతో వడకట్టు" అన్నాడు వాడు. ఎందుకైనా మంచిదని నా పాత కోక కొంగు తీసినా. "అది పనికిరాదు, జల్లెడ మాదిరుండాది. మూటలో కొత్త చీరలుంటాయి గదా. ఒకటి తీసి రెండు మడతలెయ్యి."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మూటలో చీరలుండేది నీకెట్ల తెలుసు? విప్పిస్తే చూసిపెట్టుకుందామనా?" గంజిపెట్టి మడతేసిన చీర తడిస్తే సంతలో ఎవురు ముట్టుకుంటారు?

మా ఆయన ముడి మీద చెయ్యేసినాడు. "పోనీలేవే, ఒక్క అంచు తడుపుదాం."

"చెయ్యి తియ్యి! నీకు ఎవురేం చెప్పినా నిజమే" అని కసిరినా.

ఆయన ముడి మీంచి చెయ్యి తీసి దోసిలి పట్టినాడు. కడవ అట్లనే వంచి పోసినా. కడుపారా తాగినాడు. నేనూ తాగినా. కాపరి ముంత చాపుకోనే ఉండాడు. నేను ఒక్క చుక్క పొయ్యలేదు. మా ఆయన ఏదో అనబోతే చెయ్యి పట్టి లాక్కోని పోయినా.

ఏడాది తిరిగేసరికి ఆయన చీలమండ మీద బొబ్బ లేచింది. మంట మంటని అరిచేవాడు. బొబ్బ పగిలి, తెల్లదారం మాదిరి పురుగు తల బయటపెట్టింది. పక్కింటి ముసలామె చూసి, "నారికురుపు! దిగుడుబాయి నీళ్లు వడకట్టకుండా తాగినారా యాడన్నా?" అనింది. పురుగు తెగితే కాలు చీముపట్టి పోతుందంట. కాలు పోతే మగ్గం పోయినట్టే. చల్లగుంటుందని కాలు బాయిలో మాత్రం పెట్టొద్దని, పెడితే ఊరంతటికీ అంటుతుందని గట్టిగా చెప్పింది.

పురుగును పుల్లకు చుట్టి, దినానికి కొంచెం కొంచెం లాగాల. నూలు చుట్టే చేతులతోనే ఆ పుల్ల చుట్టినా. చుట్టి గుడ్డలో కట్టేటప్పుడు రేగిచెట్టు కింద కూచున్న ఆయప్ప కాలు గుర్తొచ్చింది. నాకు మాత్రం ఏమీ కాలేదు. ఏమన్నా అయ్యుంటే బాగుండునని ఎన్ని మార్లు ఏడ్చినానో.

పురుగు తెగకుండానే వచ్చింది, కాలు దక్కింది. కానీ అది ఇంకా సగం లోపల ఉన్నప్పుడు, ఒకనాడు పొద్దున మంటకు తట్టుకోలేక ఆయన కట్టె ఊతంతో మా ఊరి దిగుడుబాయి కాడికి పోయినాడు. నేను కడవెత్తుకోని వెనకాలే పోయినా. ఆయన మెట్లకు పైనే కూలబడి, నీళ్లకొచ్చిన ఎవరో పొరుగూరామెను అడుగుతాండాడు. "అమ్మా, ఒక ముంత ముంచియ్యి. కాలు మీద పోసుకుంటా. నేను దిగగూడదు."

ఆమె ఆయన కాలికేసి చూసింది, పుల్లకేసి చూసింది. కొంగు బిగించుకోని గబగబా పక్కనుంచి పోయింది.

నేను దిగి కడవ ముంచుకొచ్చినా. ముంత నింపి అందిస్తే కాలు మీద పోసుకోకుండా అట్లనే పట్టుకోని కూచున్నాడు.

"ఆపొద్దు ఆయప్పకు ఎవురన్నా పోసింటారంటావా?" అన్నాడు.