రెండు సంఘాలూ ఒక తెల్లంగీ

ఇస్త్రీ అక్కకు నోటిదురుసు ఎక్కువని వీధంతా అంటుంది. అననివ్వండి. ఊళ్ళో పాస్టర్లందరి అంగీలూ ఆవిడ బల్ల మీదికే వస్తాయి. ఎక్కడైనా ఒక్క ముడత దొరికితే చూపించమనండి! అందుకే పాస్టర్ల దగ్గర చందాలు వసూలు చేసే పని హక్కుల సంఘం వాళ్ళు ఆవిడ నెత్తిన పెట్టారు.

సంఘం అప్పుడే ఎదుగుతోంది. బేకరీ మేడ మీద ఒక గది, రెండు బెంచీలు, ఊపిరాడనంత జనం. లేనిదల్లా లాయరుకు ఇవ్వడానికి డబ్బు. ఆ లాయరు కావలసింది మరెవరికో కాదు, అక్క సొంత తమ్ముడికే. తమ జాతివాళ్ళను, పాస్టర్లనైనా సరే, గడప తొక్కనివ్వని ఊరి లైబ్రరీలోకి వెళ్ళి, పుస్తకం తెరిచి దర్జాగా కూర్చున్నాడు. పోలీసులు పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు. శుక్రవారం విచారణ.

"తమ్ముడి మాట మాత్రం ఎత్తకమ్మా. సొంత గొడవకి అడుక్కుంటోందంటారు," అని సంఘం కార్యదర్శి లెక్కల మాస్టారు ముందే ఆవిడ నోరు కట్టేశారు. నోరు కట్టేస్తే ఆవిడకు ఇంకేం మిగులుతుంది, పాపం!

అయినా అంగీలు చేతికి వేసుకుని బయల్దేరింది. మొదటి మజిలీ అన్నిటికన్నా పెద్ద చర్చి పాస్టరు, పెద్దయ్యగారు.

"అయ్యగారూ, మా సంఘం పెరుగుతోందండి. మీవాళ్ళు కూడా చాలామంది చేరిపోయారు. మీరూ ఓ చెయ్యి వెయ్యాలి."

ఇప్పుడు చూడండి తమాషా. పాస్టరు చెవికి సంఘం అంటే ఒకటే అర్థం, చర్చి సంఘం. పెద్దయ్యగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"మావాళ్ళు మీ సంఘంలో చేరారా? ఎక్కడ కూడుతున్నారు?"

"బేకరీ మేడ మీదండి, ప్రతి ఆదివారం సాయంత్రం. నిలబడ్డానికి చోటుండదనుకోండి!" అని అక్క పొంగిపోతూ చెప్పింది. ఆయన చందా సంగతి సరే, ఇస్త్రీ కూలీ ఇవ్వడం కూడా మర్చిపోయారు.

తెల్లారేసరికి ఏదో కొత్త సంఘం వచ్చి జనాన్ని లాక్కుపోతోందని పాస్టర్లందరికీ తెలిసిపోయింది. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్ళు సైతం పెద్దయ్యగారి హాల్లో ఒక్కచోట చేరి అక్కకు కబురంపారు. ఇంతమందిని ఇలా కూర్చోబెట్టడం మాస్టారి తరమయ్యేదా? అక్క మురిసిపోతూ చందా సంచీ చంకన పెట్టుకుని వెళ్ళింది.

అడుగుపెట్టీ పెట్టగానే పెద్దయ్యగారు ఒంటికాలి మీద లేచారు.

"మీ పాస్టరెవరమ్మా?"

"పాస్టరెందుకండీ? మాక్కావల్సింది లాయరు."

"బాప్తిస్మం ఎవరిస్తారు?"

"అబ్బే, అలాంటివేం లేవండి. చందా కడితే చేరిపోయినట్టే!"

హాల్లో కలకలం లేచింది. "చూశారా, చూశారా!" అన్నారు పెద్దయ్యగారు. "నా పాటల బృందంలో మంచి గొంతున్నవాణ్ణి కూడా లాగేశారు. పొడుగ్గా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, మిల్లులో పని. మూడు వారాలుగా జాడే లేదు!"

అక్క మొహంలో నవ్వు ఆగిపోయింది. మాస్టారు పెట్టిన షరతు గాలికెగిరిపోయింది.

"వాడు నా తమ్ముడండి. లాగేసింది మేం కాదు, పోలీసులు. లైబ్రరీలో కూర్చున్నాడని జైల్లో పెట్టారు. ఇంకో సంఘం ఎత్తుకుపోయిందనుకున్నారు గానీ, రావట్లేదేంటని ఒక్కళ్ళైనా వాడింటికెళ్ళి అడిగారా అయ్యగారూ?"

పెద్దయ్యగారు కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అడగలేదమ్మా. తప్పు నాదే."

ముందు ఆయనే జేబు ఖాళీ చేశారు. ఆయన ఇచ్చాక మిగతావాళ్ళు తగ్గుతారా? పక్క చర్చి ఆయన కంటే తక్కువ వేస్తే పరువేం కావాలి! లాయరు ఫీజు పోను గది అద్దెకు కూడా మిగిలింది.

అక్క సంచీ మూతి బిగించి గుమ్మం దాటుతుంటే పెద్దయ్యగారు వెనక నుంచి పిలిచారు.

"అమ్మాయ్, మీ సంఘంలో చేరాలంటే మా సంఘం వదిలెయ్యాలా?"

"అక్కర్లేదండి."

"అయితే నా తెల్లంగీ కాస్త శ్రద్ధగా ఇస్త్రీ చెయ్యి. సోమవారం లైబ్రరీకి వేసుకెళ్ళాలి."

అంత నోరున్న మనిషీ కళ్ళు తుడుచుకుంటూ అంగీ అందుకుని ఇంటికి నడిచింది. ఆ పూట ఆ అంగీ మీద విడిగా నీళ్ళు చిలకరించాల్సిన పని పడలేదు.